అల్లుడికి, పాత కార్ల వేటకు బయలుదేరే ముందు

అల్లుడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. శని, ఆదివారాలు పాత బంగ్లాలు, గడీలు తిరిగి, షెడ్లలో మూలన పడి ఉన్న కార్లు వెతికి బాగుచేస్తానన్నావట. కొంపల్లి దగ్గర రేకుల షెడ్డు కూడా అద్దెకు మాట్లాడావట. "తమ్ముడూ, నువ్వైనా నాలుగు మాటలు చెప్పి మానిపించు" అంది అక్క. మానిపించడం నా వల్ల కాదు. నా తర్వాత మన ఇంట్లో పానా పట్టేవాడు ఉండడేమో అనే దిగులు నాకు చాలాకాలంగా ఉంది. అక్క మాట వినగానే పట్టరాని సంతోషం వేసింది. తెల్లవారుజామున మాత్రం భయంతో మెలకువ వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు.

ముందు ఒకసారి చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లిరా. అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూడు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించారు, ఆయనేమో 1911లోనే పోయారు. ఎక్కాల్సిన మనిషే లేకపోతే ఎంత గొప్ప బండైనా ఎలా నిలబడిపోతుందో అక్కడ తెలుస్తుంది. కళ్లారా చూసుకో, కానీ అలాంటిది దొరుకుతుందన్న ఆశ అక్కడే వదిలెయ్. నీకు దొరికేవి ల్యాండ్‌మాస్టర్లు, మొదటి తరం అంబాసిడర్లు, ఫియట్ 1100లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు, విల్లీస్ జీపులు. మనవాళ్లు పెళ్లిళ్లకు, పురుళ్లకు, కోర్టు వాయిదాలకు తిరిగినవి అవే. వాటి మీద ప్రేమ ఉంటేనే ఈ పనిలోకి దిగు.

బండి దొరికితే మొదట అడగాల్సింది మోడల్ కాదు, ఎప్పుడు ఆగిపోయిందని. 1949లో జాగీర్లు రద్దయ్యాక కొన్ని పెద్ద ఇళ్లకు డ్రైవర్ జీతమే బరువైంది. దిగుమతుల మీద ఆంక్షలు వచ్చాక విదేశీ బండ్లకు పార్టులు దొరకడం కష్టమైంది. 1973లో పెట్రోలు మంట మొదలయ్యేసరికి పెద్ద అమెరికన్ బండ్లు తాగేదానికి ఎవరూ తట్టుకోలేకపోయారు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక హెరాల్డ్ ఇంట్లో వాళ్లకే మొహం మొత్తింది. ఖర్చు భరించలేక ఆపేసిన బండి చాలావరకు నిండుగా ఉంటుంది. చెడిపోయి ఆగిన బండిలో మాత్రం సగం సామాను అప్పుడే ఎవరో విప్పుకుపోయి ఉంటారు. ఇంటివాళ్లు చెప్పే సంవత్సరాన్ని బట్టి బోనెట్ కింద ఏముంటుందో నేను ముందే కొంత ఊహించేవాణ్ని.

మారేడ్‌పల్లి, బొల్లారం, తిరుమలగిరి వైపు పాత బంగ్లాలు ఇంకా కొన్ని ఉన్నాయి. పాతబస్తీలో దేవిడీలు, అంటే నవాబుల కాలం నాటి భవంతులు, జిల్లాల్లో దొరల గడీలు సరేసరి. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారంటే షెడ్డులో బండి కబాడీకి పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ కబురు అందరికంటే ముందు తెలిసేది ఇళ్లు కూలగొట్టే కాంట్రాక్టరుకి, వాచ్‌మన్‌కి. వాళ్లతో మంచిగా ఉండు. రిటైరైన డ్రైవర్లతో కూర్చుని చాయ్ తాగు. ఏ ఇంట్లో ఏ బండి ఎప్పుడు గోడ పక్కన పెట్టారో వాళ్లు నంబర్‌తో సహా చెబుతారు.

ఇంటివాళ్ల దగ్గర తొందరపడకు. షెడ్డు తలుపు తీయగానే బోనెట్ మీద చెయ్యి వేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ బండి పోయిన మనిషిది. ఒకసారి ఒక ఫియట్‌లో గ్లవ్ బాక్స్ తెరిస్తే కళ్లజోడు, ఎర్ర నూలుతో కట్టిన పెట్రోలు రసీదులు, సగం వాడిన తలనొప్పి మాత్రల స్ట్రిప్పు ఉన్నాయి. ఆ ఇంటి పెద్దావిడ ఆ కళ్లజోడు అందుకుని లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. ఆ రోజు ధర మాట ఎత్తకుండానే వచ్చేశాం. నువ్వూ మొదటి రోజు ధర మాట్లాడకు. లోపల దొరికిన ప్రతి వస్తువూ వాళ్ల చేతిలో పెట్టు. ఫోటోలు తీసి ఇంటి చిరునామాతో సహా లోకానికి చూపించకు. మర్నాడే స్టీరింగ్, మీటర్లు, బ్యాడ్జీలు దొంగల పాలవుతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఇదొక్కటీ రెండుసార్లు చదువు.

నేను ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో మా గ్యారేజీలో నాకంటే పెద్దవాడు ఒకాయన ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు. బంజారాహిల్స్‌లో ఒక బంగ్లా నుంచి కబురు వస్తే మేమిద్దరం వెళ్లాం. వెనక షెడ్డులో ల్యాండ్‌మాస్టర్. ఇంటాయన పోయినప్పటి నుంచి కదల్లేదు. అమెరికా నుంచి వచ్చిన కొడుకు మర్నాడే తిరుగు ప్రయాణం. నాన్న బండి చప్పుడు ఒక్కసారి వినాలని ఉంది, అమ్మకి కూడా వినిపించాలని ఉంది అన్నాడు. శుక్రవారం, ఉస్తాద్ నమాజుకి వెళ్లారు. అడగడానికి ఎవరూ లేరు.

మా గ్యారేజీ పెద్దాయన పాయింట్లు రుద్దాడు, ప్లగ్గులు తుడిచాడు, కొత్త బ్యాటరీ పెట్టి, సీసాలో పెట్రోలు కట్టి సెల్ఫ్ కొట్టాడు. కాసేపు దగ్గి ఇంజన్ అందుకుంది. ఇంట్లో వాళ్లంతా చప్పట్లు. ఆ తల్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అక్కడితో ఆపేస్తే అయిపోయేది. "ఒక్క రౌండ్ వేయండి" అన్నాడు కొడుకు. పెద్దాయన బ్రేకు పెడల్ తొక్కి చూశాడు, గట్టిగానే తగిలింది. బండి బయటికి తీశాడు. షెడ్డు నుంచి గేటు దాకా దిగుడే. మొదటిసారి తొక్కితే ఆగింది. రెండోసారి తొక్కితే పెడల్ నేల దాకా వెళ్లిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే తుప్పు పట్టిన కేబుల్ తెగి లివర్ ఊరికే పైకి లేచింది. గేటు తీయడానికి వాచ్‌మన్ బండికి ఎదురుగా పరుగెత్తుతున్నాడు. పెద్దాయన స్టీరింగ్ తిప్పేసి కాంపౌండ్ గోడకి కొట్టాడు. వాచ్‌మన్ బతికాడు. పెద్దాయన కుడి మోకాలు డ్యాష్‌బోర్డు కింద నలిగిపోయింది. ఆయన మళ్లీ ఏ బండీ నడపలేదు.

తర్వాత ఉస్తాద్ ఆ బండి బ్రేకు డ్రమ్ములు విప్పించి, చక్రాల దగ్గర బ్రేకు పట్టించే వీల్ సిలిండర్లు మా ముందు బల్ల మీద పెట్టారు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి కదలకపోతే ఆ తేమకి సిలిండర్ లోపలి గోడకి గుంటలు గుంటలుగా తుప్పు పడుతుంది. రబ్బరు వాషర్ ఉన్నచోట ఉన్నంతసేపు పెడల్ బాగానే తగులుతుంది. తొక్కగానే ఆ వాషర్ తుప్పు మీదికి జరిగి చిరిగిపోతుంది. ఆ కాలం బండ్లలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. వేలి చివర ఆ గుంటల మీద పెట్టి తడిమి చూడమన్నారు ఉస్తాద్. నాకు ఇప్పటికీ ఆ గరుకు తెలుస్తూనే ఉంటుంది.

ఆ రోజు నుంచి మా గ్యారేజీకి ఏ పాత బండి వచ్చినా ఉస్తాద్ ముందు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటర్ లాగి చొక్కా జేబులో వేసుకునేవారు. రోటర్ లేకపోతే ఎవరు ఎంత బతిమాలినా ఇంజన్ అందుకోదు. నాలుగు డ్రమ్ములూ విప్పి, సిలిండర్లు, రబ్బరు పైపులు, మాస్టర్ సిలిండర్ కొత్తవి పడి, హ్యాండ్ బ్రేకు పట్టిందని ఆయన చేత్తో చూసుకున్నాకే రోటర్ తిరిగి వచ్చేది. నువ్వూ అదే చెయ్. ఇంజన్ చప్పుడు వినాలని అందరికీ ఉంటుంది, నీకు అందరికంటే ఎక్కువ ఉంటుంది. ఎదురుగా ముసలి తల్లి ఏడుస్తున్నా సరే, రోటర్ జేబులోంచి తీయకు. బండిని విన్చ్‌తో ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, నీ షెడ్డుకి తెచ్చుకో. బ్రేకుల్లేని బండిని తాడు కట్టి లాగించావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను.

ఇంజన్ సంగతి నీకు సగం తెలిసే ఉంటుంది. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి కొన్ని రోజులు నాననివ్వు. ప్లగ్గులు పెట్టకుండానే పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పు. తిరగకపోతే ఇంకొన్నాళ్లు ఆగు, బలం చూపించకు. పాత ట్యాంకులో పెట్రోలు జిగురై ఉంటుంది, అది కార్బ్యురేటర్‌లోకి పోనివ్వకు. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు పైపులు తట్టుకోవు, అవి కూడా మార్చెయ్.

బండి కింద తప్పకుండా చూడు. ల్యాండ్‌మాస్టర్, అంబాసిడర్‌లకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఫ్లోరు తుప్పు పట్టిందంటే బండి ఎముకలు పోయినట్టే. హెరాల్డ్‌కి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది. దాని బోనెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది కాబట్టి ఇంజన్ మొత్తం కళ్ల ముందే ఉంటుంది. ఆ ముచ్చటలో పడి కింద ఛాసిస్ చూడటం మర్చిపోతారు జనం. 2020 అక్టోబర్ వానలకు మునిగిన ప్రాంతమైతే షెడ్డు గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూసుకుని, డోర్ ప్యాడ్ల వెనక బురద ఉందేమో వెతుకు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు. దిమ్మెలు పెట్టు, ఊపి చూడు, అప్పుడు దూరు. తుప్పు ఫ్లోరు కింద జాకీ పెడితే అది రేకులోకి దిగబడిపోతుంది. సీటు కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టు, పాములు ఉంటాయి. పాత బ్రేకు షూల లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఎయిర్ కొట్టి దుమ్ము లేపొద్దు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడువు. మా కాలంలో మేమంతా నోటితో ఊదేవాళ్లం. ఈ దుమ్ము ఊపిరితిత్తులకి ఎంత చేటో మాకు చెప్పినవాళ్లు లేరు. నీకు నేను చెబుతున్నాను కదా, విను నాన్నా.

కాగితాల దగ్గర మొహమాటపడకు. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడు. ఆయన పోయి ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకి మారాలి, ఆ తర్వాత 29, 30 ఫారాలతో నీ పేరుకి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెడితేనే డబ్బు ఇవ్వు. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్‌సీతో సరిచూసుకో. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండికి వీఏ అక్షరాలతో నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి మాత్రం కుదరదు. అందుకే మెరిపించే తొందరలో అలాయ్ వీల్స్, డీజిల్ ఇంజన్ పెట్టి బండి రూపం చెడగొట్టకు. పాత రంగు ఎంత మిగిలితే అంత ఉండనివ్వు. దొరకని పార్టుల కోసం గోషామహల్, రాణీగంజ్ తిరుగుదాం, నేనూ వస్తాను. అక్కడ ఏ కొట్టు వెనక ఏ డబ్బాలో ఏముంటుందో నాకు ఇంకా గుర్తే.

ఉద్యోగం ఇప్పుడే వదలకు. ఒక బండి పూర్తిగా చేశాక అప్పుడు ఆలోచిద్దాం. ఈ మాట అక్కకి నేనే చెప్పి టెన్షన్ తగ్గిస్తాను.

వచ్చే ఆదివారం నువ్వు బండి చూడబోయే మారేడ్‌పల్లి ఇంటికి వెళ్లే ముందు మా ఇంటి మీదుగా రా. టేకు దిమ్మెలు నాలుగు, గమ్ బూట్లు, మంచి టార్చి తీసి పెట్టాను. అత్తయ్య నీకు టిఫిన్ కట్టిస్తానంటోంది. ఒక్కడివే వెళ్లకు, తోడు ఎవరూ దొరక్కపోతే నన్ను తీసుకెళ్లు. మోకాళ్ల నొప్పులున్నా షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూర్చోగలను.

మీ మామయ్య