టెక్ సందేహాలు: ‘సె లొ’లోని ‘సె’ ఎక్కడిది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా స్పానిష్ చుట్టూనే తిరిగాయి. బ్యాటరీ ఉబ్బినవాళ్లు, వైఫై అందనివాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి. (బ్యాటరీ ఉబ్బినవాళ్లు మాత్రం ఆగొద్దు. ఛార్జింగ్ తీసేసి సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.) స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. హ్రస్వమైన ఎ, ఒ మన అక్షరాల్లోనే ఉన్నాయి కాబట్టి పలకడానికి ఇబ్బంది లేదు.

ప్రశ్న: నేను మెక్సికో క్లయింట్‌కి సపోర్ట్ చేసే టీమ్‌లో ఉన్నాను. ‘ఆయనకి’ అంటే ‘లె’ అని, ‘దాన్ని’ అంటే ‘లొ’ అని నేర్చుకున్నాను. కానీ ‘దాన్ని ఆయనకి పంపాను’ అని ట్రాన్స్‌లేటర్‌లో కొడితే ‘సె లొ ఎంబియే’ అని వస్తోంది. ‘లె’ ఏమైంది? ఇది యాప్ తప్పా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: యాప్ తప్పు కాదు. అది ఈ విషయంలో మీకంటే బాగా చదువుకుంది. ‘లె’ గానీ ‘లెస్’ గానీ వచ్చి, వెంటనే ‘లొ, ల, లొస్, లస్’లలో ఏదైనా వస్తే ఆ ‘లె’ కచ్చితంగా ‘సె’గా మారిపోతుంది. ‘లె లొ’ అనే జంట స్పానిష్‌లో ఉండదు.

రెండు ల-కారాలు పక్కపక్కన వినసొంపుగా ఉండవు కాబట్టి మార్చారని చాలా చోట్ల చెబుతారు. నేను నమ్మను. సమాంతరం అనే అర్థంలో ‘పరలేలొ’ అని వాళ్లే రోజూ నోరారా అంటారు. అసలు సంగతి చరిత్రలో ఉంది. లాటిన్‌లోని ‘ఇల్లీ ఇల్లుమ్’ (వాడికి దాన్ని) అరిగి అరిగి మధ్యయుగపు స్పానిష్‌లో ‘జెలొ’ అయింది. తర్వాత ఆ ‘జ’ లాంటి శబ్దం మెత్తబడి ‘ష’కి దగ్గరైంది. అప్పటికే భాషలో ‘తనని తాను’ అనే అర్థంలో ఒక ‘సె’ ఉంది. చెవికి రెండూ ఒకేలా వినిపించేసరికి ‘జె’ పోయి ఆ చోట్లో ‘సె’ కూర్చుంది. నమ్మకం కుదరకపోతే రాయల్ స్పానిష్ అకాడమీ వారి ‘కోర్దె’ అనే పాత గ్రంథాల కార్పస్‌ని (మాటలు వెతుక్కునే వీలున్న పాఠాల భాండారం) తెరవండి. ఉచితమే. ‘జెలొ’ని పాత స్పెల్లింగ్‌తో (జీ, ఈ, ఎల్, ఓ) వెతికితే మధ్యయుగాల వాక్యాలు కుప్పలుగా వస్తాయి.

ఇక అసలు ఉపయోగపడే మాట. మీరు స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నారని మీ ప్రశ్న చూస్తేనే తెలుస్తోంది. యాప్‌లు చాలావరకు అలాగే నేర్పుతాయి. ఇంగ్లీషులో ముందు పని, తర్వాత వస్తువు, చివర మనిషి. ‘మె లొ దియో’ని మాత్రం తెలుగులో పెట్టి చూడండి: నాకు–దాన్ని–ఇచ్చాడు. మాటకి మాట సరిపోయింది. పోనీ ‘వాడు’ అని కర్త ఉందా అంటే మనకీ లేదు, వాళ్లకీ లేదు. ఈ సర్వనామాల జంట దగ్గర మనకున్న దారి నున్నగా ఉంటే, ఇంగ్లీషు వంతెన ఎక్కి చుట్టూ తిరిగి రావడం ఎందుకు? ఒక్క తేడా ఉంది. మనం ‘దాన్ని నాకిచ్చాడు’ అని తిప్పినా తప్పు కాదు. స్పానిష్‌లో ఆ వెసులుబాటు లేదు. అందుకునే మనిషి ముందు, వస్తువు వెనక, అంతే.

మనవాళ్లు జారేది వేరే చోట. తెలుగులో ‘ఆయనకి పంపేశాను’ అంటే వాక్యం నిండిపోతుంది. దేన్ని అనేది సందర్భమే చెబుతుంది. ఆ అలవాటుతో ‘లె ఎంబియే’ అని ఆపేస్తాం. వినేవాడు ‘ఏం పంపావు?’ అని ఎదురుచూస్తూ ఉంటాడు. తెలుగులో మింగేసే ‘దాన్ని’ స్పానిష్‌లో పైకి అనాలి.

ట్రాన్స్‌లేటర్ బోల్తాపడేది కూడా ఈ ‘దాన్ని’ దగ్గరే. ఫైల్ (అర్చీబొ) వాళ్లకి పుంలింగం, కాబట్టి ‘సె లొ ఎంబియే’. ఇన్‌వాయిస్ (ఫక్తూర), పాస్‌వర్డ్ (కొంత్రసేన్య) స్త్రీలింగం, కాబట్టి ‘సె ల ఎంబియే’. స్క్రీన్‌షాట్‌లు (కప్తూరస్, ఇవీ స్త్రీలింగమే) నాలుగైతే ‘సె లస్ ఎంబియే’. మీరు ‘దాన్ని పంపాను’ అని ఒంటరి వాక్యం ఇస్తే యంత్రానికి అది ఫైలో పాస్‌వర్డో ఎలా తెలుస్తుంది? ‘లొ’ అని గుడ్డిగా వేసేస్తుంది. అందుకని ‘ఇన్‌వాయిస్ తయారైంది. దాన్ని మీకు పంపాను’ అని రెండు వాక్యాలూ కలిపి పేస్ట్ చేయండి. వచ్చినదాంట్లో ‘ల’ ఉందా లేదా మీరే చూసుకోండి.

ఇంకో గొయ్యి. ‘సె’లో ఆయన, ఆమె, వాళ్లు, మర్యాదగా పిలిచే మీరు (ఉస్తెద్), బహువచనం మీరు (ఉస్తేదెస్) అందరూ ఇమిడిపోతారు. క్లయింట్ రాసిన ‘సె లొ ఎంబియే’ని వెనక్కి తిప్పితే యాప్ తరచుగా ‘అతనికి పంపాను’ అంటుంది. ఆయన చెప్పింది ‘మీకు పంపాను’ అయి ఉండొచ్చు. ఇన్‌బాక్స్ చూడకుండా ‘ఎవరికి పంపారు?’ అని ఎదురు మెయిల్ కొట్టకండి. మీరు రాసేటప్పుడు అనుమానం ఉంటే చివర్లో ‘ఆ ఉస్తెద్’ (మీకు) అనో ‘ఆ ఎల్’ (ఆయనకి) అనో చేర్చండి. ‘సె లొ ఎంబియే ఆ ఉస్తెద్’. ‘మీకు’ రెండుసార్లు చెప్పినట్టు మనకి అనిపిస్తుంది గానీ వాళ్లకి అది మామూలే.

ప్రశ్న: స్పానిష్ నేర్చుకుందామని ఫోన్ భాష మార్చాను. అప్‌డేట్ డబ్బాలో ‘రెకొర్దార్మెలొ మాస్ తార్దె’ అని బటన్ కనిపిస్తోంది. రెండో భాగం ‘తర్వాత’ అని అర్థమైంది. మొదటి మాట డిక్షనరీ యాప్‌లో లేదు. ఇంకో సంగతి, ఇప్పుడు సెట్టింగ్స్ ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: రెండోదానితో మొదలుపెడతాను, అది అత్యవసరం. ఆండ్రాయిడ్‌లో పళ్లచక్రం బొమ్మ నొక్కండి. దాని పేరు ‘అహూస్తెస్’. అందులో ‘సిస్తేమ’, దాని లోపల ‘ఇదియోమస్’ అంటే భాషలు. కంపెనీని బట్టి దారి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఐఫోన్‌లో అయితే ‘అహూస్తెస్’, ‘హెనెరాల్’, ‘ఇదియోమ ఇ రెహియోన్’. ఇకపై ఏ భాషకి మార్చినా ముందు ఈ దారిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇక ఆ బటన్. ఇలాంటి మాటల్ని తోకవైపు నుంచి కోయాలి. చివర ‘లొ’, దాని ముందు ‘మె’ తీసేస్తే మిగిలేది ‘రెకొర్దార్’, గుర్తుచేయడం. గుర్తుచేయి–నాకు–దాన్ని, ‘ఈ సంగతి నాకు తర్వాత గుర్తుచేయి’ అని. డిక్షనరీలో ‘రెకొర్దార్’ వెతికితే దొరుకుతుంది.

ఇందాక పైన సర్వనామాలు క్రియ ముందుకి వచ్చాయి కదా, ఇక్కడ వెనక ఎందుకు అతుక్కున్నాయంటారా? కాలం, పురుష తెలిపే మామూలు క్రియ అయితే ముందు, విడిగా రాస్తారు. ‘చేయడం’, ‘చేస్తూ’ లాంటి రూపాలకీ, ‘చెయ్యి’ అనే ఆజ్ఞకీ అయితే వెనక, అతికించి రాస్తారు. ‘దామెలొ’ అంటే ‘ఇవ్వు నాకది’. ‘వద్దు’ అని చెప్పే ఆజ్ఞ అయితే మళ్లీ ముందుకొస్తాయి: ‘నొ మె లొ రెకుఎర్దెస్’, నాకు గుర్తుచేయకు. అప్‌డేట్ డబ్బాలో ఈ బటన్ కూడా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

రెండు క్రియలు పక్కపక్కన ఉంటే మీ ఇష్టం. ‘మె లొ పుఎదెస్ రెకొర్దార్’ అనొచ్చు, ‘పుఎదెస్ రెకొర్దార్మెలొ’ అనొచ్చు, రెండిటికీ అర్థం ఒకటే. కానీ జంటని విడదీసి ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టకూడదు. ఎక్కడికెళ్లినా కలిసే వెళ్తాయి.

ప్రశ్న: క్లయింట్ టిక్కెట్‌లో ‘సె మె బొర్రో ఎల్ అర్చీబొ’ అని ఉంది. ఈ ‘సె’ కూడా మారువేషంలో ఉన్న ‘లె’యేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదు. ఇది ‘దానంతట అది’ అనే ‘సె’. పక్కన ‘లొ, ల’ లేవు చూడండి, అదే గుర్తు. ‘నా ఫైల్ డిలీట్ అయిపోయింది’ అంటున్నాడు. తనే డిలీట్ చేశాడో లేదో చెప్పడం లేదు. ‘ఫోన్ పడిపోయింది’ అని మనం అంటాం కదా, ‘పడేశాను’ అనకుండా, సరిగ్గా అదే తెలివి. వరసలో ఈ ‘సె’ ఎప్పుడూ మొదట్లోనే ఉండాలి. ‘మె సె’ అని తిప్పితే స్పెయిన్‌లో నవ్వుతారు.

ప్రశ్న: ‘దామెలొ’లో అక్షరం మీద ఏటవాలు గీత పెట్టకపోతే ఏమవుతుంది? లాప్‌టాప్‌లో అది కొట్టడం నరకంగా ఉంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాట్‌లో ఏమీ కాదు, వాళ్లలోనే చాలామంది పెట్టరు. క్లయింట్ మెయిల్‌లోనూ పరీక్షలోనూ పెట్టాలి. గుర్తుంచుకోవడం సులువు: క్రియ తోకకి రెండు సర్వనామాలు అతుక్కుంటే గీత తప్పనిసరి. తోక పెరిగినా ఒత్తు పాత చోటే ఉంటుంది, అది చివరినుంచి కనీసం మూడో అక్షరం అవుతుంది, అలాంటి మాటలకి స్పానిష్‌లో గీత పెట్టి తీరాలి. ఒకటే అతుక్కుంటే మాటని బట్టి: ‘దమె’కి లేదు, ‘దాందొమె’కి ఉంది. పాత పుస్తకాల్లో ‘దెమె’ (నాకివ్వండి)కి గీత కనిపిస్తే కంగారు పడకండి, 1999 నాటి అకాడమీ నియమాలతో దాన్ని తీసేశారు.

ఫోన్‌లో అచ్చు మీద వేలు నొక్కి పట్టుకుంటే గీతలున్న అక్షరాలు పైకి వస్తాయి. మ్యాక్‌లోనూ అంతే. విండోస్‌లో నంబర్ ప్యాడ్ ఉంటే ఆల్ట్ పట్టుకుని 160 కొడితే గీతతో ‘ఏ’ అక్షరం, 130కి ‘ఈ’, 161కి ‘ఐ’, 162కి ‘ఓ’, 163కి ‘యూ’, 164కి తలమీద అలతో ఉండే ‘ఎన్’. నంబర్ ప్యాడ్ లేకపోతే భాషల సెట్టింగ్‌లో ‘యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్’ కీబోర్డ్ చేర్చుకోండి. అపాస్ట్రఫీ కొట్టి అచ్చు కొడితే గీత వచ్చేస్తుంది. కోడ్ రాసేవాళ్లకి ఇది తలనొప్పి, కొటేషన్ గుర్తు కొట్టాక చాలాసార్లు స్పేస్ కూడా నొక్కాలి. అందుకని మామూలు కీబోర్డ్ తీసేయకుండా ఉంచి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి రెండిటి మధ్య మారుతూ ఉండండి.

ప్రశ్న: ‘మీ అందరికీ అది చెప్పాను’కి ఏఐ చాట్‌బాట్ ‘సె లొస్ దిహె’ అంది. విషయం ఒకటే కదా, ‘లొస్’ ఎందుకు?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ‘సె’కి బహువచనం లేదు. వినేవాళ్లు చాలామంది అని చూపించాలన్న తాపత్రయంతో లాటిన్ అమెరికాలో ఆ ‘స్’ని పక్కింటి ‘లొ’కి అంటిస్తారు. మెక్సికోతో సహా చాలా దేశాల్లో రోజూ వినిపిస్తుంది. మీ ఊళ్లో మెక్సికన్ పొరుగువాళ్లతో నిశ్చింతగా అనండి. పరీక్ష రాస్తుంటే మాత్రం ‘సె లొ దిహె ఆ ఉస్తేదెస్’ అని రాయండి.

ప్రశ్న: ఈ సర్వనామాల పట్టికని అంకిలో (కార్డులతో గుర్తుపెట్టుకునే యాప్) కార్డులుగా చేసుకున్నాను. కార్డులన్నీ వచ్చాయి, మాట్లాడబోతే ఒక్కటీ రావడం లేదు.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: పట్టికని తీసేయండి. ముందువైపు తెలుగులో వస్తువు పేరుతో సహా వాక్యం: ‘పాస్‌వర్డ్ – మీకు పంపాను’. వెనక: ‘సె ల ఎంబియే’. వస్తువు పేరు లేకపోతే ‘లొ’నా ‘ల’నా అని ఎంచుకునే పనే పడదు, అసలు కష్టం అక్కడే ఉంది. అంకి కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్‌లో డబ్బు కట్టాలి.

వాక్యాలు ఎక్కడ దొరుకుతాయంటే, మీకు నచ్చిన స్పానిష్ సిరీస్ సబ్‌టైటిల్ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ‘సె లొ’, ‘మె ల’, ‘తె లొస్’ లాంటి జంటల్ని వెతకండి. తోకకి అతుక్కున్నవాటి కోసం ‘మెలొ’, ‘తెలొ’, ‘సెలొ’తో ముగిసే మాటల్ని వెతకాలి. అప్పుడు ‘కరమేలొ’, ‘హెమేలొ’ కూడా వచ్చి పడతాయి. మొదటిది మిఠాయి, రెండోది కవల. వాటి మీద గీత ఉండదు కాబట్టి వదిలేసి ముందుకెళ్లండి.