అది వాతం కాదు, ఎద్దు కండలు దెబ్బతిన్నాయి

ప్రశ్న: మాకు హళ్లికర్ ఎద్దుల జత ఉంది. ఎండాకాలమంతా పని లేక కొట్టంలోనే కట్టేశాం. నీరసపడకుండా రెండు పూటలా ఉలవలు ఉడకబెట్టి పెట్టాం. మొన్న వాన పడగానే పదును పోతుందని రెండు రోజులు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం 2 గంటల దాకా గుంటక తోలాం. రెండో రోజు సాయంత్రానికి దాపటెద్దు వెనక కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి, తొడలు వణికాయి. వాతమని మందుల షాపతను నొప్పి సూది, బలానికి ఒక సీసా ఇచ్చాడు. సూది పడ్డాక లేచి నడిచింది. మర్నాడు మళ్లీ కాడి కడితే గంటకే కూలబడింది. ఇప్పుడు మూత్రం టీ డికాషన్ రంగులో పోస్తోంది. వాతానికి ఇంతకంటే మంచి సూది ఏదైనా ఉందా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా

జవాబు: సూది పేరు చెప్పను. మీ ఎద్దుకు వచ్చింది వాతం కాదు. మీరు ఫోన్ చేసిన రోజు చెప్పిన మాటలనే మిగతా రైతుల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మూడు నెలలు కదలకుండా ఉన్న కండను ఒక్కసారిగా రోజుకు ఎనిమిది గంటలు లాగించారు. కండలో దాచుకున్న శక్తి అయిపోయింది, లోపల వేడి, ఆమ్లం పెరిగిపోయాయి. ఆ దశలో ఎద్దు ఆగుతుంది, నాలుక బయట పెడుతుంది, అడుగు తడబడుతుంది. అది అలసట. అక్కడ ఆపి ఉంటే రెండు మూడు రోజుల్లో కోలుకునేది. ఆపకుండా తోలితే కండ పోగులు తెగి, వాటిలోని ఎర్ర పదార్థం రక్తంలో కలుస్తుంది. మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తాయి. మీరు చూసిన డికాషన్ రంగు అదే. ఇది గుర్రాల్లో బాగా తెలిసిన జబ్బు. ఎద్దుల్లో తక్కువే అయినా, మీరు చెప్పినట్టు నెలల తరబడి కట్టేసి, దాణా దండిగా పెట్టి, ఒక్కసారిగా కాడి కడితే వస్తుంది.

ముందు జ్వరం చూడండి. థర్మామీటర్‌ను మలద్వారంలో ఒక నిమిషం ఉంచితే చాలు. ఎద్దుకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటి, ఒంటిమీద గోమార్లు కూడా ఉంటే ఎర్ర మూత్రం బబీసియా (గోమార్ల ద్వారా సోకే రక్త జబ్బు) వల్ల కావచ్చు, రక్తం పూత పరీక్ష చేయించాలి. ఉన్నట్టుండి జ్వరం వచ్చి కాళ్లు బిగుసుకుంటే మూడు రోజుల జ్వరం అనుకోవాలి. తొడ వాచి, నొక్కితే చిటచిటలాడితే జబ్బవాపు. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు. మీ ఎద్దుకు జ్వరం లేదన్నారు, వాపు లేదన్నారు, బిగుపు పని చేశాకే మొదలైంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎద్దును ఆస్పత్రికి నడిపించకండి. ఒక్క ఫర్లాంగు కూడా వద్దు, నడిచేకొద్దీ ఇంకా కండ తెగుతుంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వాళ్లు వచ్చేలోగా నీడలో ఇసుక మీద గానీ మందంగా వరిగడ్డి పరిచి గానీ పడుకోబెట్టండి. లేవలేకపోతే 4 గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే కింద పడ్డ కాలు కూడా చచ్చుబడుతుంది. పది లీటర్ల నీళ్లలో 50 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల బెల్లం కలిపి ఒక బకెట్, మామూలు నీళ్లు ఇంకో బకెట్ ముందు పెట్టండి. దానంతట అదే తాగాలి. నాలుక పట్టుకుని గొట్టంతో పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

సెలైన్ విషయం. ఒక్క బాటిల్ ఎక్కించి ‘సెలైన్ పెట్టేశాం’ అనుకుంటారు. 350 కిలోల ఎద్దు తన బరువులో 6 శాతం నీరు కోల్పోయిందంటే 21 లీటర్లు తగ్గినట్టు. నరంలోకి, నోటిద్వారా కలిపి ఆ లోటు తీరాలి. మూత్రం రంగు తేలేదాకా ఇవ్వాలి. ఎంత, ఎంత వేగంగా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. విటమిన్ ఇ, సెలీనియం సూది కూడా డాక్టరే వేయాలి. సెలీనియం ఎక్కువైతే అదే విషం.

ఇక నొప్పి సూది సంగతి. ఎద్దు కాళ్లు బిగుసుకుపోవడం అంటే ‘ఇక నా వల్ల కాదు’ అని చెప్పడం. సూది ఆ మాటను నొక్కేసింది, తెగిన కండ మాత్రం అలాగే ఉంది. మీరు మళ్లీ కాడి కట్టారు. నీరు తగ్గిన ఒంట్లో, ఇప్పటికే మూసుకుపోతున్న మూత్రపిండాల మీద నొప్పి మందు ఇంకో దెబ్బ. ఏ సూది వేశారో సీసా దాచి డాక్టరుకు చూపించండి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడకూడదని 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు వేసిన పశువు కళేబరం తిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. అయినా మనుషుల కోసం వచ్చే సీసాలను పశువులకు అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. షాపతను మీ ఎద్దును చూశాడా? జ్వరం చూశాడా? మూత్రం ఏ రంగులో ఉందని అడిగాడా? చూడకుండా సూది ఇచ్చేవాడి మాట వినకండి, దయచేసి. నీటి లోటు తీరాక నొప్పి మందు అవసరమనిపిస్తే డాక్టరు మెలాక్సికామ్ వేస్తారు. మోతాదు కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాములు, అంటే మీ ఎద్దు 350 కిలోలుంటే 175 మిల్లీగ్రాములు. మీ అంతట మీరు మాత్రం వేయకండి. బండలాగుడు పోటీలకు ముందు సూది వేసే ఎద్దుల యజమానులకు కూడా ఇదే చెబుతున్నాను.

బలం సీసా డబ్బుతో ఒక నెల ఖనిజ లవణ మిశ్రమం వచ్చేది. రోజుకు 50 గ్రాములు, దానికి తోడు ఉప్పు 30 గ్రాములు. ఎండాకాలమంతా ఎండుచొప్ప, వేరుశనగ కట్టె మీదే ఉన్న ఎద్దుకు విటమిన్ ఇ తగ్గి ఉంటుంది. పచ్చిగడ్డి 10 నుంచి 15 కిలోలు ఇవ్వండి. లేత జొన్న మాత్రం వద్దు, అందులో విషం ఉంటుంది, పూత దశ వచ్చాకే కోయాలి. పని లేని రోజుల్లో ఉలవలు అర కిలో మించకూడదు. పనిలోకి దిగాక 2 కిలోల దాకా పెట్టొచ్చు.

మూత్రం తేలాక కూడా 3 వారాలు కాడి వద్దు. తర్వాత మొదటి వారం ఖాళీ బండికి రోజుకు గంట, రెండో వారం రెండు గంటలు, మూడో వారం తేలికైన గుంటకకు మూడు గంటలు. ఆ పైన కూడా పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 6 చాలు. ఎద్దు గంటల తరబడి తేలిగ్గా లాగగలిగేది తన బరువులో పదో వంతు. మీ ఎద్దుకు సుమారు 35 కిలోల లాగుడు. వాన పడిన ఎర్రనేలలో గుంటక లోతుగా దిగితే అది దాటిపోతుంది, లోతు తగ్గించండి. పని మధ్యలో ఆపి, డొక్క ఎగసిపడటం ఒక నిమిషం లెక్కపెట్టండి. నీడలో 20 నిమిషాలు నిలబెట్టాక కూడా నిమిషానికి 60 దాటితే ఆ రోజుకు కాడి విప్పండి.

వలపటెద్దు బాగానే ఉందని సంతోషించకండి. దానికీ అదే మేత, అదే పని. దాని తొడలు చేత్తో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే దానికీ విశ్రాంతి కావాలి. గతంలో గాలికుంటు వచ్చి తగ్గిందా అన్నది మీరు రాయలేదు. ఆ జబ్బు నుంచి లేచిన పశువు కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఎండకు ఊరికే రొప్పుతుంది, త్వరగా అలసిపోతుంది. ఆర్నెల్లకోసారి గాలికుంటు టీకా, ఏటా వానలకు ముందు జబ్బవాపు టీకా వేయించారా? డాక్టరు వచ్చినప్పుడు అడిగి, వేయించని వాటికి ఎద్దు కోలుకున్నాక తేదీ రాయించుకోండి.

ఈ ఏడు అదను పోతుందని మీకు టెన్షన్ ఉంటుంది, తెలుసు. మిగిలిన పొలానికి పక్కవాళ్ల జతనో ట్రాక్టరునో బాడుగకు పెట్టుకోండి. మూత్రం రంగు రోజూ తెల్ల గాజుసీసాలో పట్టి చూడండి. రెండు రోజుల్లో తేలకపోయినా, మూత్రమే తగ్గిపోయినా, వెంటనే డాక్టరును మళ్లీ పిలవండి.