మీ ప్రశ్న, మా జవాబు: తాతయ్య చూసిన తుఫాన్లే పెద్దవా?

ప్రశ్న: హుద్‌హుద్‌కి మా మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు ఎగిరి పక్క వీధిలో పడింది. అప్పటినుంచి టీవీలో వాయుగుండం అంటే చాలు, ఇంట్లో టెన్షన్. తాతయ్య మాత్రం "మా రోజుల్లో ఇంతకంటే పెద్దవే వచ్చాయి" అంటారు. తుఫాన్లు నిజంగా బలపడుతున్నాయా?
- ఓ పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: అమ్మా, తాతయ్యగారి మాట కొట్టిపారేయకండి. 2014 అక్టోబర్ 12న నేనూ విశాఖలోనే ఉన్నాను. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చేశారు, నిజానికి అది తుఫాను కన్ను మన మీదుగా వెళ్ళడం, కాసేపటికి గాలి ఎదురువైపు నుంచి మళ్ళీ విరుచుకుపడింది. మర్నాడు కైలాసగిరి మీద ఒక్క పచ్చటి ఆకు లేదు, కొండంతా కాలిపోయినట్టు గోధుమరంగులోకి తిరిగింది. అలాంటిది చూసినవాళ్ళకి అంతకు మించింది ఉండదనే అనిపిస్తుంది. కానీ హుద్‌హుద్ గాలి గంటకు సుమారు 180 కి.మీ. అయితే, 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌ది 260 దాకా ఉంటుందని అంచనా. ఇలా రెండేసి తుఫాన్లు పక్కపక్కన పెట్టుకుంటే ఎటువైపైనా వాదించొచ్చు.

అందుకే పాత రికార్డులన్నీ కలిపి చూడాలి, అసలు చిక్కు అక్కడే ఉంది. మన దగ్గర తుఫాన్ల దారులు 1891 నుంచీ నమోదై ఉన్నాయి, అయితే ఉపగ్రహాలు లేని రోజుల్లో ఓడవాళ్ళు రాసిన వివరాలు, తీరంలోని బారోమీటర్లే ఆధారం. ఏ ఓడకీ ఎదురుపడకుండా నడిసముద్రంలో ఉధృతమై, ఒడ్డుకొచ్చేసరికి నీరసించిన తుఫాను రికార్డుల్లో చిన్నదిగానే మిగిలిపోయి ఉంటుంది. 1970ల్లో డ్వోరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఉపగ్రహ చిత్రంలో మేఘం ఆకారాన్ని బట్టి బలం అంచనా కట్టే పద్ధతి తెచ్చాడు. కన్ను ఎంత వెచ్చగా, చుట్టూ ఉన్న మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే తుఫాను అంత బలమైనదని లెక్క. మంచి పద్ధతే, కానీ చిత్రాలు ఏటేటా స్పష్టమవుతూ వచ్చాయి. మసక చిత్రంలో కనబడని కన్ను స్పష్టమైన చిత్రంలో కనబడుతుంది, దాంతో అంతే బలమున్న తుఫానుకి ఎక్కువ మార్కులు పడతాయి. పైగా ప్రపంచవ్యాప్త లెక్కలకి వాడే చిత్రాల్లో, 1998లో మెటియోశాట్-5 అనే యూరప్ ఉపగ్రహాన్ని హిందూ మహాసముద్రం పైకి జరిపాకే మన తుఫాన్లు పక్కవాటుగా కాక నిటారుగా కనబడ్డాయి.

దీనికి శాస్త్రవేత్తలు చేసిన పని నాకు భలే నచ్చింది. కొత్త చిత్రాలను కావాలనే పాతవాటంత మసకగా మార్చి, మనిషి కంటికి వదలకుండా అన్నిటినీ ఒకే కంప్యూటర్ పద్ధతితో కొలిచారు. 1979 నుంచి 2017 వరకు ప్రపంచం మొత్తం మీద చూస్తే, తుఫాను తీవ్రస్థాయిలో, అంటే అమెరికావాళ్ళ ఐదు మెట్ల కొలమానంలో మూడో కేటగిరీ లేదా ఆపైన, ఉండే అవకాశం పదేళ్ళకు సుమారు 8 శాతం చొప్పున పెరిగిందని తేలింది. కాబట్టి మీ భయానికి ఆధారం ఉంది. బంగాళాఖాతం ఒక్కదానికే ఇంత గట్టిగా చెప్పడం కష్టం, ఏడాదికి వచ్చేవే నాలుగైదు.

ప్రశ్న: ఒకే తుఫానుకి అమెరికావాళ్ళు ఎక్కువ వేగం చెబుతారు, మనవాళ్ళు తక్కువ. ఎవరిది తప్పు?
- ఓ విద్యార్థి, గాజువాక

జవాబు: ఎవరిదీ కాదు బాబూ. గాలివేగానికి వాళ్ళు తీసేది ఒక నిమిషం సగటు, మనది మూడు నిమిషాల సగటు; ఎక్కువసేపటికి సగటు తీస్తే గరిష్ఠ వేగం కాస్త తక్కువ వస్తుంది. ప్రాజెక్టు రాసేటప్పుడు ఆ రెండూ ఒకే పట్టికలో కలపకు.