ఎల్‌ఎల్‌ఎం కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడలో ఒక బ్యాంకులో లా ఆఫీసర్‌ని, చేతికి 75 వేలు వస్తుంది. బ్రిటన్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ బ్యాంకింగ్ లా అండ్ ఫైనాన్స్ ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ)లో 2026 సెప్టెంబరుకు సీటొచ్చింది. ఫీజు 30 వేల పౌండ్ల దాకా ఉంది. పొదుపు 14 లక్షలు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షల విద్యా రుణం తీసుకుందామని నాన్నగారు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: 40 లక్షలు వద్దు. కోర్సు మంచిదే, మీ ఉద్యోగానికి నేరుగా పనికొస్తుంది కూడా. ఇబ్బందంతా నెలనెలా కట్టే రుణ వాయిదా దగ్గరే.

పౌండు 120 రూపాయలనుకుంటే ఫీజు 36 లక్షలు. ఏడాది ఖర్చులకు కనీసం 15 లక్షలు. వీసా ఫీజు, ఆరోగ్య సర్‌చార్జీ కలిపి సుమారు 1,700 పౌండ్లు, అంటే 2 లక్షలు. ఏడాది కోర్సే అయినా వీసా మరో నాలుగు నెలలు ఎక్కువ ఇస్తారు కాబట్టి సర్‌చార్జీ ఏడాదిన్నరకు కట్టాలి. చాలామంది లెక్కలో ఇది జారిపోతుంది. విమాన టికెట్లతో మొత్తం 54 లక్షలకు తక్కువ కాదు.

రుణం 10% వడ్డీకి తీసుకుంటే చదువు ఏడాది, ఆ తర్వాత వాయిదాలు కట్టనక్కర్లేని ఆరు నెలల మారటోరియంలో 6 లక్షల వడ్డీ పేరుకుని అసలుకు కలుస్తుంది. 46 లక్షలకు పదేళ్ల ఈఎంఐ దాదాపు 60,800. పదిహేనేళ్లకు సాగదీసినా 49,400. ఇక్కడికే తిరిగొస్తే మీ జీతంలో మిగిలేదేమిటో చూసుకోండి.

అక్కడే ఉద్యోగం చేసి తీరుస్తానంటారా? 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి చదువయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే, మీరు అందులోకే వస్తారు. ఆలోగా స్పాన్సర్ చేసే సంస్థ దొరకాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి, కొత్తగా చేరేవారికి 33,400. పైగా ఎల్‌ఎల్‌ఎం చదివినంత మాత్రాన ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (లాయర్) కాలేరు. దానికి ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలు వేరే రాయాలి, వాటి ఫీజే దాదాపు 5 వేల పౌండ్లు. అందుకే రుణాన్ని మన దేశపు జీతంతో తీర్చగలిగినంతకే పరిమితం చేయండి. తిరిగొచ్చాక 90 వేలు వస్తుందనుకుంటే ఈఎంఐ 30 వేలు దాటకూడదు. దానికి తగిన రుణం సుమారు 20 లక్షలు.

20, మీ 14 కలిపితే 34. ఇంకో 20 లక్షలు తక్కువ. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. సీటు ఏడాది వాయిదా వేయడం కుదురుతుందేమో యూనివర్సిటీని అడగండి. ఆగస్టులో దరఖాస్తులు తెరిచే బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. దానికి 2,800 గంటల ఉద్యోగానుభవం కావాలి, మీకు ఇబ్బంది ఉండదు. వస్తే ఫీజు, ఖర్చులు వాళ్లే భరిస్తారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. బ్యాంకులో జీతం లేని సెలవు ఇస్తారేమో కూడా కనుక్కోండి, రాజీనామా చివరి మాట. స్కాలర్‌షిప్ ఏదీ రాకపోతే క్లాట్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేయడం మేలు.

వెళ్లేటట్టయితే రుణం మీ పేరున, నాన్నగారు సహ రుణగ్రహీతగా తీసుకోండి. ఇల్లు తాకట్టు పడితే అంత మొత్తానికి మీ పేరున టర్మ్ జీవిత బీమా పాలసీ తప్పనిసరి. వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే, ఎనిమిదేళ్లపాటు. బ్యాంకు రుణంతో పంపే ఫీజుపై టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) ఉండదు. సొంత డబ్బుకు పంపేవారి పాన్ మీద ఏడాదికి 10 లక్షలు దాటితేనే పడుతుంది, అదీ రిటర్నులో సర్దుబాటవుతుంది. సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ మార్చి 31లోపు, మిగతాది ఏప్రిల్‌లో పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల పరిమితీ వాడుకోవచ్చు.

వీసాకు మిగిలిన ఫీజుతోపాటు తొమ్మిది నెలల ఖర్చు, లండన్ వెలుపలైతే 1,171 పౌండ్ల చొప్పున 10,539 పౌండ్లు చూపాలి. ఖాతాలో 28 రోజులు వరుసగా ఉండాలి, ఒక్కరోజు తగ్గినా తిరస్కరిస్తారు. పౌండు పెరగొచ్చు, అందుకే 5% అదనంగా ఉంచండి. ఖాతా మీది లేదా తల్లిదండ్రులదై ఉండాలి. బాబాయి ఖాతా, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్ చెల్లవు. బ్యాంకు ఇచ్చే రుణ మంజూరు పత్రం మాత్రం చెల్లుతుంది, దానికి 28 రోజుల నిబంధన లేదు.