పక్షవాతం వచ్చి నాలుగు నెలలు: మళ్లీ నడవాలంటే యంత్రమే దిక్కా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతంతో ఎడమ చేయి, కాలు పడిపోయాయి. ఇప్పుడు పట్టుకుంటే పది అడుగులు వేస్తున్నారు. మూడు నెలలు దాటితే ఇక మెరుగుపడదని బంధువులు అంటున్నారు. బెల్టులతో పైకి వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించే కేంద్రానికి అప్పు చేసైనా తీసుకెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, నంద్యాల

డాక్టర్ సలహా: అప్పు చేయకండి. మీ సందేహం మీదే అమెరికాలో 408 మందితో పెద్ద పరిశోధన జరిగింది. 2011లో ఫలితాలు వచ్చాయి. కొందరికి రెండు నెలలకు, కొందరికి ఆరు నెలలకు ఈ ట్రెడ్‌మిల్ శిక్షణ మొదలుపెట్టారు. మిగిలినవారికి ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి కాళ్ల బలానికి, నిలకడకు వ్యాయామాలు చేయించారు. ఏడాది తిరిగేసరికి మొత్తం మీద 52 శాతం మంది నడక మెరుగైంది. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా నడక బాగా దెబ్బతిన్నవారిలో, తొందరగా యంత్రం ఎక్కినవారే ఎక్కువగా పదేపదే పడిపోయారు.

బంధువుల మాట ఉత్త పుకారేమీ కాదు. కోపెన్‌హాగన్‌లో 800 మందికి పైగా రోగులను గమనిస్తే, అత్యధికుల్లో నడక తొలి 11 వారాల్లోనే కోలుకుంది. కానీ ఆరు నెలలకు శిక్షణ మొదలుపెట్టినవారూ బాగుపడ్డారని పై పరిశోధన చెబుతోంది కదా! ఇప్పటికే పది అడుగులు వేస్తున్న మనిషి విషయంలో ఆశ వదులుకోనక్కర్లేదు.

అయితే ఫిజియోథెరపిస్టును మానేసి, 'మేమే చేయిస్తాం' అనుకోవద్దు. మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో చేయించి చూశారు. మామూలు వైద్యం కన్నా అదనపు మేలు కనిపించలేదు. వారానికి రెండు మూడు సార్లైనా ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామాలు మారుస్తూ, కష్టం పెంచుతూ పోవాలి. మధ్య రోజుల్లో మీరు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పక్కన నిలబడి ఎడమ కాలి మీద బరువు వేయడం చేయించండి.

నడిపించేటప్పుడు ఎడమ పక్కన ఉండి నడుము బెల్టు పట్టుకోండి. పడిపోయిన చేతిని మాత్రం లాగకండి, భుజం కీలు జారుతుంది. పాదం వేలాడి వేళ్లు నేలకు రాసుకుంటుంటే చీలమండకు స్ప్లింట్ (పాదం వేలాడకుండా పట్టి ఉంచే ఆధారం) అడగండి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి.

నడక వచ్చింది కదా అని బీపీ మాత్రలు ఆపేసి, రెండోసారి పక్షవాతంతో వచ్చేవారిని తరచూ చూస్తుంటాను. ఆ మాత్రలు ఒక్కపూట కూడా తప్పనీయకండి.