పట్నం చర్చికి మారితే బాకీ తీరుతుందా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్నాం. మా ఆయన పదేళ్ళు ట్రెజరర్‌గా చేశారు. పెద్దమ్మాయి ఫీజుకని గుడి కట్టుబడి డబ్బులో 85 వేలు వాడుకున్నారు. లెక్కలు అడిగిన రోజు బయటపడింది. 40 వేలు కట్టాం. ఇప్పుడు సంఘం రెండు వర్గాలైంది. ఒకరు ఆయన్ని వెలివేయాలంటారు, మావాళ్ళు ఆ సంగతే ఎత్తొద్దంటారు. గేటుకు రెండు తాళాలు పడ్డాయి. ఆయన గుడికి రావడం మానేశారు, రాత్రిళ్ళు నిద్రపోరు. నేనొక్కదాన్నే తల దించుకుని వెళ్ళొస్తున్నా. ఒంగోల్లో పెద్ద చర్చికి మారిపోదామా?

జవాబు: అమ్మా, ఆ డబ్బు తీసిన సంగతి మీకు ముందే తెలుసో లేదో రాయలేదు. తెలిస్తే ఆయనతో పాటు మీరూ ఒప్పుకోవాలి. తెలియకపోతే మీరు తల దించుకోవాల్సిన పనే లేదు.

పట్నం చర్చిలో వందలమంది మధ్య మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. అక్కడి సుఖం అదే, నా భయమూ అదే. మిగిలిన 45 వేలు పల్లెలోనే ఉండిపోతాయి. అందులో స్త్రీల సమాజం వాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం డబ్బు కూడా ఉండే ఉంటుంది. కూలికి వెళ్ళొచ్చిన మనిషి తన కంచంలోంచి తీసిన గింజలవి. ఆ మనిషి కోపాన్ని వర్గం గొడవ అని కొట్టిపారేయకండి. నన్నడిగితే, ఆయనకు ఎక్కువ చెరుపు చేస్తున్నది ‘ఎత్తొద్దు’ అంటున్న మీవాళ్ళే. ఎత్తకపోతే ఆయన బతికినన్నాళ్ళూ మొహం చాటేయాల్సిందే.

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి గుర్తుంది కదా. అతను ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు. లెక్క మాత్రం రాశాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. మీ ఆయన నాలుగింతలు కట్టలేరు, సరే. నెలకు 3 వేల చొప్పున 15 నెలలకు బాకీ తీరిపోతుంది. ముందు పాస్టరు గారినీ, అవతలి వర్గంలో మాట మీద నిలబడే పెద్దనొకరినీ ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. తీసుకున్నదెంత, కట్టిందెంత, మిగిలిందెంత అన్నది ఆయనే తన చేత్తో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. తర్వాత రెండు వర్గాలూ కూర్చున్న ఆరాధనలో ఆయనే చదవాలి. ‘పరిస్థితులు అలా వచ్చాయి’ అన్న మాట అందులో వద్దు. కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ట్రెజరర్ పని మళ్ళీ ఇస్తామన్నా పుచ్చుకోవద్దు, అది ఆయనకే మేలు. ఇకమీదట బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే రెండు సంతకాలు ఉండాలనీ, ఏటా లెక్కలు అందరి ముందూ చదవాలనీ సంఘం రాసుకోవాలి. పదేళ్ళు ఒక్క మనిషి చేతిలో పెట్టి ఎవరూ అడగకపోవడం సంఘం తప్పు కూడా.

అప్పుడిక వెలి అనేవాళ్ళ వంతు. కొరింథు సంఘంలో తప్పు చేసినవాడికి శిక్ష పడ్డాక పౌలు ఆ సంఘానికి ఏం రాశాడో బైబిల్లో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో చూడమనండి. ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు.

మునిగిపోవడం ఉత్త మాట కాదు. నిద్రపోరని రాశారు. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఆయన నోట వస్తే ఉపవాస ప్రార్థన అయ్యేదాకా ఆగకండి. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

‘ఒక్కదాన్నే’ అన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మీ పెద్దలు గర్వంగా చెప్పే ఉంటారు. అంతకు 24 ఏళ్ళ ముందు, ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో తర్జనభర్జన నడిచిన రోజుల్లో, 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసింది ఐదుగురే. అమెరికా మిషనరీలు జూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ఐదుగురి సంగతి మనం తక్కువ చెప్పుకుంటాం.

వచ్చే ఆదివారం గుడికి రమ్మని ఆయన్ని బలవంతపెట్టకండి. శనివారం రాత్రి అన్నాలయ్యాక ఒక తెల్లకాగితం, పెన్ను, పక్కన మొదటి 3 వేలు ఆయన ముందు పెట్టి, మీరూ కూర్చోండి.