ఊక గ్యాస్‌తో ఫ్యూయల్ సెల్ నడుస్తుందా?

ప్రశ్న: మిర్యాలగూడ మిల్లుల ఊకను గ్యాస్‌గా మార్చి, అందులోని హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ నడపొచ్చా? కార్బన్ మోనాక్సైడ్ అడ్డు వస్తుందంటారు. దాన్ని ప్లాటినం లేకుండా తీయగలమా?

తీయగలం. నా పీహెచ్‌డీ అంతా దీని మీదే నడిచింది కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. చర్యను వేగం చేసే ఉత్ప్రేరకంగా కాపర్ ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్ కలిసిన నానో పొడి చాలు. ఈ పనికి ప్లాటినం వాడడం డబ్బు దండగ.

వాహనాల్లో వాడే రకం సెల్ 80 డిగ్రీల దగ్గర నడుస్తుంది. ఆ వేడిలో కార్బన్ మోనాక్సైడ్ సెల్ లోపలి ప్లాటినాన్ని పట్టుకుని వదలదు, హైడ్రోజన్‌కు చోటు దొరకదు. అందుకే వాహనాల హైడ్రోజన్‌కు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14687 పెట్టిన హద్దు పది లక్షల పాళ్లకు 0.2 పాలు. ఊక గ్యాస్‌లో నూటికి 15 పైనే ఉండొచ్చు. అంత మొత్తాన్ని ఈ పొడి మీదికి వదలకూడదు. ముందు తారు, గంధకం తీసేసి, నీటి ఆవిరితో షిఫ్ట్ చర్య (కార్బన్ మోనాక్సైడ్‌ను ఆవిరితో కలిపి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం) జరిపి ఒక శాతం దగ్గరికి దించాలి. ఆ మిగిలిన దాన్ని కొద్దిపాటి ఆక్సిజన్‌తో, హైడ్రోజన్ జోలికి పోకుండా కాల్చడమే మన పొడి పని.

తయారీ చూస్తే ఆశ్చర్యపోతారు. రెండు లోహాల నైట్రేట్లు, యూరియా నీళ్లలో కరిగించి 500 డిగ్రీల ఫర్నేస్‌లో పెడితే, నీళ్లు ఇగిరి, బుస్సున పొంగి, మంట లేచి, గిన్నె నిండా తేలికైన బూడిద రంగు పొడి మిగులుతుంది. దాని మీద తేమ లేని గ్యాస్ పంపితే 120 డిగ్రీలకే, వాయువుల పాళ్లు కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ గీతలో కార్బన్ మోనాక్సైడ్ పీక్ (అది ఉందని చూపే శిఖరం) కనిపించలేదు. ల్యాబ్‌లో అందరం సంబరపడ్డాం. మా గైడ్ సార్ మాత్రం, "నీళ్ల బబ్లర్ గుండా పంపి చూడమ్మా," అన్నారు. పంపగానే పీక్ మళ్లీ లేచింది! వేడి 150 దాటించాక దిగింది. 200 దగ్గరికి పోతే హైడ్రోజనే ఆక్సిజన్‌ను తినేసింది, కార్బన్ మోనాక్సైడ్ తిరిగి మిగిలిపోయింది. పని జరిగేది ఆ మధ్యలోనే.

సెమినార్లలో తేమ లేని గ్యాస్ ఫలితాలే చూపించి "వంద శాతం" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. షిఫ్ట్ దాటి వచ్చే గ్యాస్‌లో ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉండి తీరతాయి. రెండూ చర్యను నెమ్మదింపజేస్తాయి. అవి కలపకుండా చేసిన పరీక్షను నేను లెక్కలోకే తీసుకోను. నల్లగొండలో నా దగ్గర చదివే ఎమ్మెస్సీ పిల్లలు ఈ మాత్రం పరీక్ష చేయడానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కోసం హైదరాబాద్ బస్సెక్కాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన పిల్లలకు రసాయనశాస్త్రం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. మిషన్లు ఇస్తే చాలు.

ఇక మీ మిల్లు సంగతి. ఊకతో ఉప్పుడు బియ్యం బాయిలర్లు ఇప్పటికే నడుస్తున్నాయి. అంతకు మించి చేయాలంటే ఖర్చంతా తారు కడగడంలో, షిఫ్ట్ రియాక్టర్‌లో ఉంటుంది. ముందు ఆ రెండింటికి కొటేషన్ తెప్పించుకోండి, పొడి సంగతి తర్వాత చూడొచ్చు. షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం మొదటి రోజే పెట్టించండి, దానికి వాసన ఉండదు.